నలభై ఏళ్లు భద్రపరచమన్న కార్మికుల ఆరోగ్య రిజిస్టర్లు ఎక్కడ? – కార్మిక శాఖలకు ఒక బహిరంగ లేఖ

కేంద్ర కార్మిక, ఉపాధి మంత్రిత్వ శాఖ వారికి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖల, ఫ్యాక్టరీల శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టు చేస్తాను. అమెరికా లాయర్ల కోసం అక్కడి రోగుల కాగితాలు చదివి, తేదీలవారీగా పేర్చి, పైన చిన్న నోటు రాసిపెట్టడం నా పని. పన్నెండేళ్లుగా నా ముందుకొచ్చే ఫైళ్లలో ఎక్కువ ఆస్బెస్టాస్‌వే. ఓడల్లో బాయిలర్లకు చుట్టిన పట్టీలు ఊడదీసినవాళ్లు, రిఫైనరీల్లో పైపులకు తొడుగు వేసినవాళ్లు, బ్రేకు లైనింగులు గీకిన మెకానిక్కులు. అందరికీ డెబ్బై, ఎనభై ఏళ్లు. అందరిదీ ఒకటే కథ: ఇరవైల్లో పీల్చిన దుమ్ము డెబ్బైల్లో బయటపడింది.

మా నాన్న కూడా ఆస్బెస్టాస్ కార్మికుడే. ఇన్నేళ్లలో ఎవరెవరివో వందల ఫైళ్లు కట్టాను గానీ ఆయన ఫైలు మాత్రం కట్టలేకపోయాను. ఎందుకు కట్టలేకపోయానో చెప్పడానికే ఈ లేఖ.

నాన్న పాలమూరు వైపు నుంచి 1979లో పట్నం వచ్చారు. ఊరివాళ్లు నలుగురు అప్పటికే సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో ఉన్నారు. మేస్త్రీ ఒకాయన తీసుకెళ్లి పనిలో పెట్టాడు. రాతినార (ఆస్బెస్టాస్) సంచులు లారీ నుంచి దించడం, కత్తితో మూతి కోసి తొట్టిలో గుమ్మరించడం, ఖాళీ సంచులు దులిపి కట్టలు కట్టడం. దూది పింజలా ఉండేదని చెప్పేవారు. మొహానికి తువ్వాలు చుట్టుకునేవారట. 1996 వరకు, పదిహేడేళ్లు, అదే పని. పేరు మాత్రం కంపెనీ పుస్తకంలో ఎప్పుడూ ఎక్కలేదు. ఆయన ఆ మేస్త్రీ మనిషి, అంతే. ఈఎస్‌ఐ కార్డు లేదు, పీఎఫ్ చీటీ లేదు. (ఫ్యాక్టరీ పేరు రాయడం లేదు. గొడవ ఒక్క ఫ్యాక్టరీతో కాదు.)

దులిపిన సంచుల్లో చిరిగినవి ఇంటికి తెచ్చుకోనిచ్చేవారు. అమ్మ వాటిని ఉతికి, రెండు మూడు పొరలు వేసి, పాత చీర పైన కుట్టి బొంతలు చేసేది. నేనూ తమ్ముడూ వాటి మీదే పడుకుని పెరిగాం. చలికాలం వెచ్చగా ఉండేవి కూడా.

2014లో ఆయాసం మొదలైంది. మెట్లు ఎక్కితే ఆగిపోయేవారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు, టీబీ అన్నారు, ఆరు నెలలు మందులు వాడించారు. నీరు మళ్లీ మళ్లీ చేరింది. ఎన్ని ఆస్పత్రులు తిరిగామో, అన్నిచోట్లా ఒకటే ప్రశ్న: "బీడీ తాగేవాడివా?" నాన్న దాచలేదు, "తాగేవాణ్ని సారూ" అన్నారు. అంతే, ప్రతి చీటీ మీదా బీడీ అని రాశారు. ఏం పని చేసేవాడివని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి ముక్క తీసి పరీక్ష చేస్తే మెసోథెలియోమా అని తేలింది. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే ఈ క్యాన్సర్ పొగాకు వల్ల రాదు. దాని పేరు చెప్పగానే మా ఆఫీసులో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు కూడా "ఎక్కడ పని చేశాడు?" అని అడుగుతాడు. నాన్న 2017లో పోయారు.

ఇప్పుడు అమెరికా సంగతి కొంచెం చెప్పాలి. అక్కడిది గొప్ప న్యాయమని పొగడడానికి కాదు. ఆ న్యాయం దేని మీద నిలబడిందో మీరు చూడాలని.

జాన్స్-మాన్‌విల్ అని అక్కడ ఆస్బెస్టాస్‌లో అతి పెద్ద కంపెనీ. కేసుల మీద కేసులు పడుతుంటే 1982 ఆగస్టులో దివాలా కోర్టుకు వెళ్లింది. కంపెనీ చేతిలో డబ్బు లేక కాదు, ముందు ముందు రాబోయే కేసుల లెక్క చూసి. కోర్టు తేల్చింది ఇదీ: కంపెనీ నడుచుకోవచ్చు, కానీ బాధితుల కోసం ఒక ట్రస్టు పెట్టి అందులో డబ్బూ షేర్లూ వెయ్యాలి. ఇంకా జబ్బు పడనివాళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత పడబోయేవాళ్లు కూడా ఆ ట్రస్టు దగ్గరికే రావాలి. 1988లో ఆ ట్రస్టు పని మొదలుపెట్టింది. ఇదే పద్ధతిని 1994లో దివాలా చట్టంలోనే రాసేశారు. తర్వాత వరసగా కంపెనీలు అదే దారి పట్టాయి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2011లో లెక్క తీసేసరికి అలాంటివి 60 ట్రస్టులు ఉన్నాయి. 1988 నుంచి 2010 దాకా 33 లక్షల క్లెయిములకు సుమారు 1,750 కోట్ల డాలర్లు చెల్లించాయి.

ఈ ట్రస్టుల ఫారాలు నాకు కంఠతా వచ్చు. జబ్బు ఏమిటో డాక్టరు కాగితం కావాలి. దుమ్ము ఎక్కడ పీల్చాడో చూపాలి. మొదట దుమ్ము పీల్చిన నాటికీ జబ్బు బయటపడిన నాటికీ మధ్య కనీసం పదేళ్లు ఉండాలి. మళ్లీ చదవండి: పదేళ్లు *గడిచి* ఉండాలని అడుగుతారు. ఆలస్యంగా రావడమే ఈ జబ్బు గుణమని ఫారం రాసినవాళ్లకు తెలుసు.

ఇక పని చేసినట్టు రుజువు. అక్కడి సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు రాస్తే ఒక మనిషి ఏ ఏడాది ఏ యజమాని దగ్గర ఎంత సంపాదించాడో చిట్టా వస్తుంది, 1950ల నాటిది కూడా. చాలా ట్రస్టులు పనిచోట్ల జాబితా వేసి పెట్టుకున్నాయి: ఫలానా షిప్‌యార్డు, ఫలానా కరెంటు ప్లాంటు, ఫలానా ఏళ్లలో మా సరుకు వాడారు, అని. ఆ చోట ఆ ఏళ్లలో పని చేశాడంటే చాలు, ఏ సంచి ఎవరు కోశారని నిలదీయరు. కాగితం దొరకకపోతే తోటి కార్మికుడి ప్రమాణ పత్రం పనికొస్తుంది. భర్త బట్టలు ఉతికి జబ్బు తెచ్చుకున్న భార్యలకూ ఆ ఫారంలో చోటుంది. దుమ్ము పట్టిన బట్టలు ఎవరు, ఎన్నేళ్లు, ఎక్కడ ఉతికారు అని అడుగుతుంది. మొదటిసారి ఆ గడి చూసిన రాత్రి నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

ఇదంతా అక్కడి కంపెనీల మంచితనం కాదు. వాళ్లూ దాచారు. 1935లో రేబెస్టాస్ కంపెనీ అధ్యక్షుడు సమ్నర్ సింప్సన్, జాన్స్-మాన్‌విల్ లాయరుకు ఉత్తరం రాస్తూ, ఆస్బెస్టాస్ గురించి ఎంత తక్కువ మాట్లాడితే మనకు అంత మంచిదన్నాడు. ఆ ఉత్తరం చిరిగిపోలేదు. నలభై ఏళ్ల తర్వాత కోర్టులకు చేరింది. టెక్సాస్‌లో క్లారెన్స్ బోరెల్ అనే ఇన్సులేషన్ కార్మికుడు వేసిన కేసులో 1973లో అప్పీలు కోర్టు తయారీదారులదే బాధ్యతని తేల్చింది. తీర్పు వినడానికి ఆయన లేడు. దుమ్ము మంచిది కాదని తెలుసుగానీ ఇంత పని చేస్తుందని తెలియదన్నది ఆయన వాంగ్మూలం సారాంశం. మా నాన్నా అదే అనేవారు, "దుమ్మే గదమ్మా" అని. తేడా ఏమిటంటే బోరెల్ ఎక్కడెక్కడ పని చేశాడో కాగితం మీద ఉంది.

లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే మీరే చెబుతారు. మాన్‌విల్ ట్రస్టు రెండేళ్లు తిరక్కుండానే డబ్బుకు కటకటలాడింది. ఇప్పుడు అది ఖరారు చేసిన మొత్తంలో నూటికి ఐదు చిల్లర మాత్రమే ఇస్తోంది. మెసోథెలియోమాకు పట్టికలో 3,50,000 డాలర్లు ఉంటుంది, చేతికి వచ్చేది 17,850. అందులో లాయరు వాటా పోవాలి. ఇంకో పక్క లాయర్ల తెలివితేటలు ఉన్నాయి. గార్లాక్ అనే కంపెనీ దివాలా కేసులో 2014లో జడ్జి తేల్చిందేమిటంటే, కొందరు లాయర్లు కోర్టులో ఒక కంపెనీ దుమ్ము గురించి చెప్పి, మిగతా కంపెనీల దుమ్ము సంగతి దాచి, తర్వాత ఆ మిగతావాళ్ల ట్రస్టుల దగ్గర క్లెయిములు వేశారు. ఇలాంటివి నాకు కొత్త కాదు. అయినా నూటికి ఐదు అంటే మన లెక్కలో పదిహేను లక్షల పైచిలుకు. మా నాన్నకు సున్నా.

నా ఉద్యోగం సంగతి తెలిసి బస్తీలో చాలామంది అడుగుతుంటారు, "మనకూ అమెరికా డబ్బు వస్తదా?" అని. వాళ్ల కోసం ఇక్కడే చెప్పేస్తాను. ఆ ట్రస్టు వెనకున్న కంపెనీ సరుకు వల్లే, ఆ కంపెనీ బాధ్యత ఉన్నచోటే దుమ్ము పీల్చి ఉండాలి. అమెరికా, కెనడా బయట పీల్చినవాళ్ల క్లెయిములను చాలా ట్రస్టులు వేరే రకంగా చూస్తాయి. ఒక్కొక్కటీ విడిగా, అన్ని కాగితాలూ అడిగి. విదేశీ ఓడల్లో ఇంజన్ రూముల్లో పని చేసిన నావికులు, అక్కడి షిప్‌యార్డుల్లో చేసినవాళ్లు, విదేశీ కంపెనీ సొంత ఫ్యాక్టరీల్లో చేసినవాళ్లు కనుక్కోవచ్చు. ఉదాహరణకు ముంబై ఘాట్‌కోపర్‌లోని హిందుస్థాన్ ఫెరోడో ఒకప్పుడు బ్రిటన్ టర్నర్ అండ్ న్యూవాల్‌ది. ఆ బ్రిటన్ కంపెనీ తర్వాత ఫెడరల్-మోగల్ చేతికి పోయి 2001లో దివాలాకు వెళ్లింది, దాని బాధితులకు ట్రస్టులో ఒక విడి నిధి ఉంది. మన ఊళ్లో మనవాళ్లు పెట్టిన రేకుల ఫ్యాక్టరీలో చేసినవాళ్లకు అక్కడి నుంచి ఏమీ రాదు. వస్తుందని చెప్పి ముందుగా పైసలు అడిగేవాణ్ని గుమ్మం ఎక్కనివ్వకండి.

కాబట్టి మా లెక్క మీతోనే.

మన దగ్గర చట్టం లేదని ఎవరూ అనలేరు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసులో, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ప్రతి ఆస్బెస్టాస్ పరిశ్రమా కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు గానీ, పని మానేశాక 15 ఏళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ జబ్బు నిర్ధారిస్తే లక్ష రూపాయలు ఇవ్వాలంది. 2011లో కల్యాణేశ్వరి కేసులో ఆస్బెస్టాస్‌ను నిషేధించడానికి ఒప్పుకోలేదుగానీ 1995 ఆదేశాలను మళ్లీ గుర్తుచేసింది.

నాన్న చేరింది 1979. నలభై ఏళ్లంటే 2019 దాకా ఆయన రికార్డు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. 2018లో సమాచార హక్కు కింద ఒక ప్రభుత్వ కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. ఆ ఫ్యాక్టరీలో 1979 నుంచి 1996 దాకా రాతినార సంచుల పని చేసినవాళ్ల ఆరోగ్య రిజిస్టరు, దుమ్ము కొలతలు కావాలని అడిగాను. ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: కోరిన సమాచారం అందుబాటులో లేదు. అప్పీలు పెట్టాను, మళ్లీ అదే వాక్యం, సంతకం మాత్రం మారింది. పన్నెండేళ్లుగా కాగితాలు చదివే ఉద్యోగం నాది. "లేదు" అన్నదానికీ "అందుబాటులో లేదు" అన్నదానికీ తేడా నాకు తెలుసు.

ఇంకో చట్టం 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా దాని షెడ్యూల్లో స్పష్టంగా ఉండేవి. చదివి సంతోషపడ్డాను. ఆ తర్వాత పదో సెక్షన్ చదివాను. పని మానేసిన రెండేళ్లలోపు జబ్బు లక్షణాలు బయటపడితే, అవి కనబడిన రోజునే ప్రమాదం జరిగినట్టు లెక్క అనేది. రెండేళ్లు! మెసోథెలియోమా ఇరవై నుంచి యాభై ఏళ్లు తీసుకుంటుంది. నాన్నకు పని మానేశాక పద్దెనిమిదేళ్లకు ఆయాసం వచ్చింది. షెడ్యూల్లో జబ్బు పేరు రాసి, గడువులో దాన్ని తీసేయడం అంటే పెళ్లికి పిలిచి తలుపు గడియ పెట్టినట్టే. అమెరికా ఫారం పదేళ్లు గడిచాయా అని అడిగితే మన చట్టం రెండేళ్లు దాటలేదు కదా అని అడిగేది.

2025 నవంబరులో ఇలాంటి పాత చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, రాష్ట్రాలు వాటి నియమాల పనిలో ఉన్నాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ రెండేళ్ల లెక్క కోడ్‌లో గానీ నియమాల్లో గానీ వృత్తి వ్యాధులకు ఏ రూపంలోనూ మిగలకూడదు. సవరణ కావాలంటే సవరణ తెండి. జబ్బు నిర్ధారణ అయిన రోజే మొదటి రోజు కావాలి.

కానీ గడువు తీసేసినా కాగితం లేనివాడికి ఏం లాభం? నేను అసలు అడిగేది ఇక్కడుంది. రెండు రాష్ట్రాల్లో ఎప్పుడైనా, ఏ ఏడాదైనా, రాతినార వాడిన ప్రతి చోటు జాబితా మీ శాఖలు తయారుచేసి అందరికీ కనబడేలా పెట్టండి. రేకుల, పైపుల ఫ్యాక్టరీలు, బ్రేకు లైనింగుల యూనిట్లు, థర్మల్ కేంద్రాలు, విశాఖలో ఓడల మరమ్మతులు, కడప జిల్లాలో పులివెందుల వైపు ఒకప్పుడు నడిచిన రాతినార గనులు, అన్నీ. లైసెన్సులు మీరే ఇచ్చారు, పాత ఫైళ్లు మీ గదుల్లోనే ఉన్నాయి. ఆ చోట ఆ ఏళ్లలో పని చేశానని కార్మికుడు చెప్పి, తోటివాళ్లు ఇద్దరు సంతకం పెడితే నమ్మండి. కాదని రుజువు చేసే భారం ఫ్యాక్టరీ మీద పెట్టండి. రిజిస్టరు దాచమన్నది ఫ్యాక్టరీని. అది దాచకపోతే శిక్ష కూలివాడికా? మేస్త్రీ మనుషులకూ, రోజుకూలీలకూ, ఖాళీ సంచులు ఇంటికి మోసుకెళ్లినవాళ్లకూ ఇదే వర్తించాలి.

డబ్బు సంగతికి వస్తాను. మాన్‌విల్ కథలో నాకు అర్థమైన పాఠం ఒకటే: కంపెనీలు లాభాల్లో ఉండగానే వసూలు చేయాలి, దివాలా తీశాక మిగిలేది నూటికి ఐదే. మన దేశంలో రాతినార తవ్వకం ఎప్పుడో ఆగిపోయినా ఏటా లక్షల టన్నులు రష్యా లాంటి దేశాల నుంచి ఓడల్లో దిగుతూనే ఉంది. అమెరికా కూడా 2024లో క్రిసొటైల్‌ను (రేకుల్లో వాడే తెల్ల రాతినారను) నిషేధించింది. మనం ఆపేదాకానైనా రేవులో దిగిన ప్రతి టన్ను మీద సెస్సు వెయ్యండి. టన్నుకు వెయ్యి రూపాయలు, మూడు లక్షల టన్నులు అనుకుంటే ఏడాదికి 30 కోట్లు. ఒక రేకు ధరలో అది కనబడను కూడా కనబడదు. భవన నిర్మాణ కార్మికుల సెస్సు వసూలు చేయడం మీకు ఎలాగూ అలవాటే. (ఆ డబ్బు వాడకుండా దాచడం కూడా అలవాటే, కాబట్టి ఖర్చు లెక్క ఏటా బయటపెట్టాలి.)

ఇది ఎక్కడా లేని వింత కోరిక కాదు. జపాన్‌లో 2005లో అమగసాకి ఊళ్లో ఒక పైపుల ఫ్యాక్టరీ చుట్టుపక్కల నివసించినవాళ్లకు మెసోథెలియోమా వచ్చిందని బయటపడ్డాక, మరుసటి ఏడాదే చట్టం చేసి, ఫ్యాక్టరీ గేటు బయటివాళ్లకూ నిధి పెట్టారు. అంత దూరం ఎందుకు, రాజస్థాన్ 2019లో సిలికోసిస్ లాంటి దుమ్ము జబ్బులకు ఒక విధానం తెచ్చింది. నిర్ధారణ కాగానే మూడు లక్షలు, పోతే కుటుంబానికి రెండు లక్షలు. అక్కడి రాళ్లు కొట్టేవాళ్లకు పనికొచ్చిన దారి మన రేకుల కార్మికులకు ఎందుకు పనికిరాదు? 1995 నాటి లక్ష రూపాయలు ఈరోజు కీమో రెండు మూడు విడతలకు కూడా చాలవని మీకు నేను చెప్పక్కర్లేదు.

నిర్ధారణకు ప్రతివాణ్నీ అహ్మదాబాద్ పొమ్మనకండి. ఆక్సిజన్ సిలిండరుతో రైలెక్కే మనిషి ఎంత దూరం పోగలడు? జిల్లాకో బోర్డు పెట్టండి. ఎక్స్‌రేలో ఈ జబ్బు గుర్తుపట్టడం ఒకరిద్దరు డాక్టర్లకైనా నేర్పించండి. టీబీ మందులు రాసే ముందు "ఏం పని చేశావు, ఎన్నేళ్లు చేశావు" అని అడగాలని ఆరోగ్య శాఖతో మాట్లాడి చీటీలో ఒక గడి పెట్టించండి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఈ లేఖకు జవాబు వస్తుందో రాదో గానీ ఒక్క ప్రశ్నకైనా రాతపూర్వకంగా చెప్పండి: మీ రెండు రాష్ట్రాల పరిధిలో సుప్రీంకోర్టు చెప్పిన 40 ఏళ్ల రికార్డులు ఇప్పుడు ఎన్ని ఫ్యాక్టరీల దగ్గర ఉన్నాయి, వాటిని మీ అధికారులు చివరిసారి ఎప్పుడు చూశారు?

పోయిన నెల అమ్మకు దగ్గు తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించాం. పొర మీద అక్కడక్కడ మచ్చలున్నాయి, మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. అమ్మ పదిహేడేళ్లు నాన్న బట్టలు ఉతికింది, ఆ సంచులు ఉతికింది, బొంతలు కుట్టింది. కౌంటర్‌లో అమ్మాయికి అదంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, స్క్రీన్ చూపించి, "మేడమ్, ఇక్కడ లిస్టులో ఉన్నదే ఎంచాలి" అంది. ఎక్స్‌రే కవరు మీద అమ్మ వృత్తి గృహిణి అని వచ్చింది.

ఇట్లు,
ఒక రేకుల కార్మికుడి కూతురు
హైదరాబాద్